మంచులో ఒక్క డోలు దెబ్బ

ఆశ్రమానికి వచ్చి ఏడాదైనా నూకదాసు తాత నా చేతికి పడవ ఇవ్వలేదు. అదే నా బాధ.

మా ఆశ్రమంలో పారాయణాలూ ప్రవచనాలూ ఏమీ ఉండవు. గోదారి ఒడ్డున రెండు పాకలు, ఒక అరుగు, ఒక చిన్న పడవ. అంతే. నది రెండు వరసల కొండల మధ్య ఇరుకుగా, లోతుగా పారే చోటు అది. ఇవతలి గట్టు మీద బస్సు దిగినవాళ్ళని అవతల వాగుమూలకి చేర్చాలి. అవతలివాళ్ళని ఇవతలికి తేవాలి. ఎవరినీ ఏమీ అడక్కూడదు. తాత నేర్పే విద్య మొత్తం ఇదే. నలభై ఏళ్ళు ఆయనే తెడ్డు వేశాడు. కళ్ళకి పొరలు కమ్మాక శిష్యుల చేత వేయిస్తున్నాడు.

పగటిపూట నేను కూడా వేసేదాన్ని. కానీ పక్కన పెద్ద శిష్యుడు సత్తెం అన్న కూర్చునేవాడు. ఎందుకంటే మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. మంచులో పడవ దాటించినవాళ్ళదే పడవ. శీతాకాలం పొద్దున్నే ఆ కొండల మధ్య మంచు దిగిందంటే తెడ్డు పట్టుకున్న మన చెయ్యి మనకే కనపడదు. లాంచీలు కూడా కట్టు విప్పవు. అప్పుడు కేక వేసి, కొండకి తగిలి తిరిగొచ్చే కేకని బట్టి దారి పట్టుకోవాలి. తాత తర్వాత ఆ పని తెలిసినవాడు సత్తెం అన్న ఒక్కడే. రోజుకి పది మాటలు మాట్లాడతాడు. అందులో సగం "సర్లే".

నాకు మాత్రం ఆ విద్య ముందే వచ్చనుకున్నాను. ఇంటర్ మధ్యలో వదిలేసి, కుట్టుమిషన్ నేర్చుకుంటూ వదిలేసి, జిరాక్స్ షాపులో చేరి వదిలేసినదాన్ని. నేను వదలనిది గ్రంథాలయం ఒక్కటే. ఎవరూ చెప్పకుండా చదువుకున్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. చదివింది ఎవరికో ఒకరికి చెప్పేదాకా కడుపులో నిలవదు.

సాయంత్రం కొండ బొరియల్లోంచి గబ్బిలాలు పొగలాగా లేచేవి. అరుగు మీద కూర్చుని నేను మొదలుపెట్టేదాన్ని.

"అవి అరుస్తాయి తాతా. మన చెవికి ఆనదంతే. ఆ అరుపు వెళ్ళి పురుగుకి తగిలి వెనక్కొస్తుంది. ఎంతసేపట్లో వచ్చిందో దాన్నిబట్టి పురుగు ఎంత దూరంలో ఉందో గబ్బిలానికి తెలిసిపోతుంది. దగ్గర పడేకొద్దీ అరుపులు పెంచేస్తుంది. సెకనుకి నూటయాభై, రెండు వందలు!"

"అబ్బో," అన్నాడు తాత. "మరి తినేదెప్పుడే?"

"వేళాకోళం కాదు తాతా. సముద్రంలో డాల్ఫిన్లు కూడా అంతే. టిక్కుటిక్కుమని శబ్దం పంపించి ఇసకలో కూరుకుపోయి ఉన్న చేపని కూడా పట్టేస్తాయి. అంతెందుకు, చూపు లేని మనుషులు కొందరు నాలుకతో చప్పుడు చేసి, ఎదురుగా గోడ ఉందో చెట్టు ఉందో చెప్పేస్తారు. సైకిలు కూడా తొక్కుతారు."

తాత నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"సైకిలే? నాకెవరూ చెప్పలేదే. ఒకటి కొనుక్కునేవాణ్ణి."

సత్తెం అన్న గిన్నెలు తోముతూ "సర్లే" అన్నాడు.

నాకు పౌరుషం వచ్చింది. మర్నాడు పొద్దున్న కళ్ళకి తువ్వాలు కట్టుకుని, నాలుక అంగిట్లో కొడుతూ పాక చుట్టూ నడిచి చూపించాను. గోడ పట్టుకున్నాను. పందిరి గుంజ పట్టుకున్నాను. నీళ్ళ తొట్టి ముందు సరిగ్గా జానెడు దూరంలో ఆగిపోయాను. "చూశావా తాతా!" అని అరిచి, విజయం మీద విజయం అనుకుంటూ నాలుగు అడుగులు వేసి, తాడు మీద ఆరేసిన తడి బొంతలోకి మొహం పెట్టి దూసుకుపోయాను. బొంతా తాడూ నేనూ కలిసి కింద పడ్డాం.

తాత నవ్వి నవ్వి దగ్గాడు.

"మెత్తటివి శబ్దాన్ని మింగేస్తాయి తాతా, పుస్తకంలో కూడా ఉంది," అన్నాను బొంతలోంచి.

"ఉందా? మంచిదే," అన్నాడు. "ఆ బొంత మళ్ళీ ఉతికెయ్యి."

పడవ మాట ఎత్తలేదు.

మాఘమాసంలో ఒక పెళ్ళి వచ్చింది. మా పక్క ఊరి సూరిబాబుకి వాగుమూల అమ్మాయితో. ముహూర్తం పొద్దున్న తొమ్మిదీ పదికి, అమ్మాయి ఇంటి దగ్గరే. ముందురోజే దాటిపోవాల్సింది. కానీ పెళ్ళికొడుకుని ముందు రాత్రి పెళ్ళికూతురి ఊళ్ళో పడుకోనివ్వకూడదని వాళ్ళ ఇంటి ఆచారమట. తెల్లారేసరికి మగపెళ్ళివారు మా రేవులో నిలబడి ఉన్నారు. వాళ్ళతో పాటే మంచు కూడా వచ్చింది. అలాంటిలాంటి మంచు కాదు. రేవులో టీ కాసే నాగరత్నం పొయ్యి వెలుగు పది అడుగుల నుంచి చూస్తే కుంకుమ బొట్టంత కనపడింది.

సత్తెం అన్న భుజం పట్టేసి రెండ్రోజులుగా చెయ్యి లేవడం లేదు.

పెళ్ళికొడుకు మేనమామ చిట్టబ్బాయిగారు అటూ ఇటూ తిరుగుతున్నారు. తెల్ల పంచె, సిల్కు లాల్చీ, చేతికి రెండు గడియారాలు. ఒకటి ఆయనది, ఇంకొకటి పెళ్ళికొడుక్కి పెట్టేది.

"ఇది గానీ తప్పిందంటే అంతేనండి," అంటున్నారు తాతతో. "బావగారు పోయి ఓసారి ఆగిపోయింది. వానలొచ్చి ఓసారి ఆగిపోయింది. మూడోసారి కూడా ఆగితే మా పిల్లకి మీ వాడితో రాసిపెట్టి లేదనుకుంటాం అని అవతలివాళ్ళు మొహమ్మీదే చెప్పేశారండి. ఆయ్."

సూరిబాబు బాసికం కట్టుకుని, నెగడు దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆ అబ్బాయి మొహం చూస్తే జాలేసింది. అయినా నిజం చెప్పాలి. నాకు జాలి కంటే ముందు సంతోషమే వేసింది.

"నేను తీసుకెళ్తా తాతా," అన్నాను.

తాత నెగడు వైపు చేతులు చాపి వెచ్చ చేసుకుంటున్నాడు.

"సరే," అన్నాడు.

అంతే. నాకు జాగ్రత్తలు చెబుతాడేమో అని చూశాను. చెప్పలేదు. ఏడాదిగా ఎదురుచూసిన మాట అది, చెవిలో పడగానే పరిగెత్తాను.

పడవలో ఎనిమిది మంది పడతారు. మొదటి విడత పెళ్ళికొడుకు, మేనమామ, ఇద్దరు స్నేహితులు, డోలు ముసలయ్య, సన్నాయి ఆయన. రెండో విడత పెళ్ళికొడుకు తల్లి, ఇంకో నలుగురు ఆడవాళ్ళు, పసుపు కుంకుమల పళ్ళేలు. ఆవిడ రేవు మెట్టు మీద నిలబడి "జాగ్రత్త నాయనా" అంది. రెండు అడుగులు కదిలేసరికి ఆవిడ లేదు, మెట్టు లేదు, ఊరు లేదు. పాలగిన్నెలో పడ్డ చీమల్లా ఉన్నాం.

నా లెక్క నాకుంది. ఒక కేక, ఒక జవాబు, కాబట్టి వంద కేకలు, వంద జవాబులు. గబ్బిలం అందుకే కదా అరుపులు పెంచేది. నా ఒక్క గొంతు చాలదనిపించి ముసలయ్య వైపు తిరిగాను.

"బాబాయ్, డోలు ఆపకుండా వాయించు. గట్టిగా."

"పెళ్ళి మేళమేనా అమ్మా?"

"ఏదైనా సరే. ఆపొద్దు."

ముసలయ్య డోలు అందుకున్నాడు. ఆ ఉత్సాహానికి సన్నాయి ఆయన కూడా అందుకున్నాడు. మధ్యమధ్యలో నేను "ఓ... హో..." అని కేకలు. కొండలు రెండు వైపులా దద్దరిల్లిపోయాయి. ముందు నుంచి ధంధం, వెనక నుంచి ధంధం, నీళ్ళ మీద నుంచి ధంధం. సూరిబాబు స్నేహితులు ఈలలు వేశారు. చిట్టబ్బాయిగారు కూడా కాసేపు గడియారాలు మర్చిపోయి తల ఊపారు.

"జవాబు అర సెకనుకి వస్తే కొండ ఎనభై అయిదు మీటర్లు," అని లెక్క కట్టుకుంటున్నాను నేను. కానీ ఏ దెబ్బకి ఏది జవాబో? ఈ ధం మూడో దెబ్బదా, ఏడో దెబ్బదా? లెక్క అందక ఇంకా గట్టిగా అరిచాను. అన్నిట్లోకీ ఎటు నుంచి గట్టిగా మోగితే అటు తిప్పాను. కాసేపటికి ఇంకో పక్క గట్టిగా మోగింది. అటు తిప్పాను.

ఇది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నడి గోదారిలోనే నాకు తెలిసిపోయింది, దారి తప్పానని. ఒక్క మాట, "నాకు తెలీడం లేదండీ" అంటే సరిపోయేది. అనలేదు. నా వెనక ఆరుగురు నన్ను నమ్మి కూర్చున్నారన్న సంగతి కంటే, సత్తెం అన్న "సర్లే" అంటాడన్నదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. అందుకని ఇంకా ధీమాగా, "ఇదిగో, వచ్చేస్తున్నాం, కుడి వైపు జరగండి," అని ఊరికే ఆజ్ఞలు వేశాను.

చివరికి ఎదురుగా ఒక శబ్దం దగ్గర దగ్గరగా, గట్టిగా, స్పష్టంగా వచ్చింది. రాతి కొండ, అనుమానం లేదు. తెడ్డు బలంగా వేశాను. పడవ ముక్కు ఇసకలో సర్రుమని దిగింది.

"వచ్చేశాం!" అని లేచి నిలబడ్డాను. "ముహూర్తానికి గంటన్నర టైముంది. దిగండి!"

సన్నాయి ఆయన మంగళంగా ఒక రాగం తీశాడు. చిట్టబ్బాయిగారు లాల్చీ సర్దుకుని పెళ్ళికొడుకుని భుజం పట్టి దింపారు. మంచులోంచి ఒకావిడ రూపం చెంబు పట్టుకుని మా వైపే వస్తోంది.

"అదిగో, కాళ్ళు కడగడానికొచ్చారు. చాపరా," అన్నారు చిట్టబ్బాయిగారు.

సూరిబాబు వినయంగా కుడి కాలు చాపాడు.

ఆవిడ ఆగింది.

"ఏంటి బాబూ, కాలు చాపుతున్నావు?" అంది నాగరత్నం. "టీ గ్లాసులు కడిగిన నీళ్ళివి. ఏం మర్చిపోయి వెనక్కొచ్చారు?"

సన్నాయి మధ్యలో గాలి పోయినట్టు ఆగింది. రేవు మెట్టు మీద నుంచి పెళ్ళికొడుకు తల్లి గొంతు వినిపించింది.

"వచ్చారా నాయనా! అప్పుడే మా విడతా? ఎంత తొందరగా వచ్చేశారో!"

నేను గట్టిగా విన్నది మా ఆశ్రమం పక్కనున్న ఏనుగురాయినే. తిరిగి తిరిగి మా రేవుకే వచ్చి మంగళవాద్యాలతో దిగాం.

చిట్టబ్బాయిగారు పంచె ఎగ్గట్టారు.

"ఏమమ్మా తాయారూ, ఇది పడవా, రంగులరాట్నమా? టిక్కెట్టు ఎంతో చెప్పు, ఇంకో రెండు చుట్లు తిరుగుదాం. తొమ్మిదీ పది అమ్మా! తొమ్మిదీ పది!"

స్నేహితుడొకడు "అన్నా, నాగరత్నం పిన్నికి పెళ్ళయిపోయింది కదా, ఎట్లా మరి?" అన్నాడు. నవ్వారు. సూరిబాబు కూడా నవ్వబోయాడు కానీ పెదవులు సాగలేదు. చాపిన కాలు ఇంకా వెనక్కి తీసుకోలేదు. నాకు ఆ కాలు చూశాక ఏడుపొచ్చింది.

తెడ్డు ఇసకలో పెట్టేసి నెగడు దగ్గరికి వెళ్ళాను. తాత అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు. అంత డోలు మోత వినకుండా ఉండడం ఎవరి తరం?

"తాతా, నేను వెయ్యను. సత్తెం అన్నని ఒంటి చేత్తోనైనా వెయ్యమను."

తాత కర్ర అందుకుని లేచాడు.

"నన్ను కూడా ఎక్కించుకుంటావేంటే అమ్మడూ? పెళ్ళిభోజనం తిని చాలా రోజులైంది."

"ఆ, అలా అన్నారు బావుంది," అన్నారు చిట్టబ్బాయిగారు. "మీరే వెయ్యండి స్వామీ. మీ కాళ్ళకి దణ్ణం."

"నేనెక్కడ వేస్తాను చిట్టబ్బాయ్? నా కంటికి ఏమీ ఆనదు."

"ఇప్పుడు ఎవరికి ఆనుతోందండీ?"

"అదే మరి. మీకు ఇవాళొక్కరోజే మంచు. నాకు రోజూ మంచే. అలవాటైపోయి బద్ధకం వచ్చింది. తెడ్డు అమ్మాయే వేస్తుంది."

ఆయన చెయ్యి పట్టుకుని పడవలో కూర్చోబెట్టాను. ముసలయ్య పక్కన కూర్చున్నాడు. మళ్ళీ మెట్టు పోయింది, ఊరు పోయింది. ఈసారి ఎవరూ ఈలలు వేయలేదు.

కొంత దూరం లాగాక తాత అన్నాడు.

"ముసలయ్యా, ఒక్క దెబ్బ కొట్టు."

ధం.

ముసలయ్య చెయ్యి అలవాటు కొద్దీ రెండో దెబ్బకి లేచింది. ఈలోపు తాత అరచెయ్యి డోలు మీద పరిచి పెట్టాడు. పుల్ల ఠప్పుమని ఆయన వేళ్ళ మీద పడింది.

"అయ్యయ్యో స్వామీ!"

తాత చెయ్యి తియ్యలేదు.

నేను అప్పటికే నోరు తెరిచాను. "తాతా, అర సెకనుకి ఎనభై..." ఆయన రెండో చెయ్యి తడుముకుంటూ వచ్చి నా నోటి మీద పడింది. బూడిద వాసన. గట్టిగా నొక్కలేదు. అలా ఆనించి ఉంచాడంతే.

ఒక చెయ్యి డోలు మీద, ఒక చెయ్యి నా మీద. పడవ కదలడం లేదు. ఎవరి ఊపిరి వాళ్ళకి వినపడుతోంది.

వెనక నుంచి, చాలా దగ్గరగా: ధం. ఏనుగురాయి.

అయిపోయిందనుకున్నాను. చెయ్యి తీస్తాడనుకున్నాను. తియ్యలేదు. నేను ఒకసారి ఊపిరి పీల్చి వదిలాక, ముందు నుంచి సన్నగా, దూరంగా: ధం. దాని పక్కనే, ఇంకా ఆలస్యంగా ఇంకోటి.

నేను మొదటిసారి వచ్చినప్పుడు కూడా అవి అక్కడే ఉన్నాయి. నా అరుపుల కింద పడి ఉన్నాయి.

తాత చెయ్యి తీశాడు. తెడ్డు వేశాను. ఆయన ఊఁ అంటే ముసలయ్య ఒక్క దెబ్బ కొడతాడు. తాత అరచెయ్యి డోలు మీద పడుతుంది. నా నోటి మీదికి మాత్రం మళ్ళీ రాలేదు. అవసరం లేకపోయింది. వెనక ఏనుగురాయి ప్రతిసారీ కొంచెం ఆలస్యం చేస్తోంది. ముందున్నవి కొంచెం త్వరపడుతున్నాయి. చిట్టబ్బాయిగారు కూడా మెడ చాపి, కళ్ళు మూసుకుని వింటున్నారు. గడియారాల టిక్కుటిక్కు ఇబ్బందిగా ఉన్నట్టుంది, చేతులు రెండూ లాల్చీ కింద దాచుకున్నారు.

ముందు కొండలు దగ్గరపడ్డాక తాత అడిగాడు.

"ఏమంటున్నాయే?"

"ఎడమ పక్క కొండ గట్టిగా పలుకుతోంది తాతా. కుడి పక్కది కొంచెం ఆగి పలుకుతోంది."

"ఇంకా?"

"అంతే."

"ఇంకా?"

"ఇంకేం లేదు తాతా."

"ఎక్కడ లేదు?"

ముసలయ్యని ఇంకో దెబ్బ కొట్టమన్నాను. డోలు మీద తాత చెయ్యి పడేలోపు నా చెయ్యే పెట్టేశాను. తోలు నా అరచేతి కింద వణికి ఆగింది. ఎడమ కొండ, ధం. కుడి కొండ, ధం. వాటి మధ్య ఒక చోట, గుమ్మం తెరిచి పెట్టినట్టు, ఏమీ లేదు. ఎంతసేపు ఆగినా ఏమీ రాలేదు.

"మధ్యలో," అన్నాను. "మధ్యలో ఏమీ లేదు."

"ఊఁ," అన్నాడు తాత, చలికి దుప్పటి మెడ దాకా లాక్కుంటూ.

వాగుమూల ఎక్కడుంటుంది? రెండు కొండలు విడిపోయి, వాగు వచ్చి గోదారిలో కలిసే చోట. రాయి ఉండదు. మెత్తటి ఇసక, దాని వెనక లోయ. పగలు ఎన్నిసార్లు చూశానో ఆ చోటుని. మంచులో మాత్రం జవాబిచ్చిన ప్రతి రాయి వెనకా పడ్డాను.

ఏమీ పలకని వైపు పడవ తిప్పాను. చిట్టబ్బాయిగారు "అటెందుకమ్మా, ఇటు కదా గట్టిగా వినపడుతోంది," అన్నారు. తాత ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. ఆయన మాట మింగేశారు.

పడవ అడుగున ఇసక తగిలింది. చప్పుడే లేదు. మెత్తగా, పిల్లి నడిచినట్టు.

మంచులోంచి ఒకావిడ చెంబు పట్టుకుని వచ్చింది. ఈసారి సూరిబాబు కాలు చాపలేదు.

"మీరు... పెళ్ళివారేనాండీ?" అన్నాడు.

ఆవిడకి ఏమీ అర్థం కాలేదు. "అవును బాబూ, పిల్ల పెద్దమ్మని," అంది. మా పడవ మొత్తం నవ్వింది. ముసలయ్య ఎవరూ చెప్పకుండానే డోలు అందుకున్నాడు. ఇప్పుడు ఎంత వాయించినా పరవాలేదు కదా. చిట్టబ్బాయిగారు రెండు గడియారాలూ చూసి, "ఎనిమిదింపావు," అని గట్టిగా అరిచి, నా నెత్తిన చెయ్యి పెట్టి "బతికించావు తల్లీ. ఆ మొదటి ప్రయాణం సంగతి ఎక్కడా అనంలే," అన్నారు. అని తిన్నగా వెళ్ళి, ఎదురొచ్చిన మొదటి మనిషికే నాగరత్నం చెంబు కథ మొదలుపెట్టారు.

సూరిబాబు పందిరి దాకా వెళ్ళి వెనక్కి చూశాడు.

"మా అమ్మ రాకుండా నేను పీటల మీద కూర్చోనండి," అన్నాడు. ఆ పొద్దున్న ఆ అబ్బాయి గట్టిగా అన్న మాట అదొక్కటే.

అందరూ నా వైపు చూశారు. ఇంకా యాభై అయిదు నిమిషాలుంది. మంచు ఇంత కూడా పలచబడలేదు.

నేను తాత వైపు చూశాను. ఆయన అప్పటికే ఎవరిదో భుజం పట్టుకుని, పప్పు ఉడికే వాసన వస్తున్న వైపు నడుస్తున్నాడు.

"తాతా, పద. తొందరగా వెళ్ళొద్దాం."

"నేనెందుకే? నాకు ఆకలేస్తోంది."

"పోనీ ముసలయ్య బాబాయిని పంపించు. డోలు కావాలి."

"డోలు పెళ్ళికి కావాలి."

"ఒక్కదాన్నే ఎట్లా వెళ్ళను? మళ్ళీ తప్పితే?"

తాత ఆగాడు. నా గొంతు ఎటు నుంచి వస్తోందో అటు మొహం తిప్పాడు.

"పడవ నీదే కదే," అన్నాడు. "కేక వెయ్యి. వేశాక వాటిని కూడా కాస్త మాట్లాడనీ."

అని భోజనాల వైపు వెళ్ళిపోయాడు.

ఖాళీ పడవ తేలిగ్గా కదిలింది. పందిట్లో డోలు చప్పుడు వెనకబడి, సన్నబడి, లేకుండా పోయింది. ఇంక నేనూ మంచూ. భయం వేయలేదని చెప్పను. నడి గోదారికి వచ్చాననిపించాక తెడ్డు పైకెత్తి పట్టుకున్నాను. ఒక్క కేక వేశాను.

తెడ్డు చివర నుంచి నీళ్ళు చుక్కలుగా పడుతున్నాయి. ఇంకో కేక గొంతు దాకా వచ్చింది. మింగాను. ఇంకాసేపు ఆగాను. చుక్కలు కూడా ఆగిపోయాయి.

వెనక రెండు కొండలూ ఒకదాని తర్వాత ఒకటి పలికాయి. ముందు నుంచి ఏనుగురాయి పలికింది, నా గొంతే, నాకంటే నిదానంగా. దాని పక్కన, ఇంత మేర, ఏమీ లేదు.

అటు తిప్పి తెడ్డు వేశాను. చాలాసేపు వేశాను. ఆ ఏమీ లేని చోటి నుంచే, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా, సూరిబాబు తల్లి గొంతు వినిపించింది.

"వచ్చావా తల్లీ? కాలు ఎక్కడ పెట్టనో చెప్పు."